సైయా తన్నిన ఒక్క బంతి

సిడ్నీ శివారు మౌంట్ డ్రూట్‌లోని ఇంట్లో వంటింటి బల్ల మీద చెయ్యి పరిచి కూర్చున్నాడు సైయా. తల్లి లూపే అతని ఎడమ బొటనవేలికి తెల్లటి టేపు చుడుతోంది. అతని రగ్బీ జట్టులో ఆ పనికి మనుషులున్నారు. అయినా మొదటి చుట్టు ఆమెదే, వాడికి ఎనిమిదేళ్లప్పటి నుంచీ. ముడుచుకుపోయిన చెవులు, రెండుసార్లు విరిగి పక్కకు తిరిగిన ముక్కు, మోచేతి దాకా కుట్ల గీతలు. ఇంత మనిషి తన కడుపులోంచే వచ్చాడా అని ఆమెకు ఇప్పటికీ విస్మయమే.

"అంత బిగించకమ్మా, వేలు నీలమవుతోంది."

"అవనీ. తలకి కూడా చుట్టనిస్తే ఇంకా బాగుండు."

ఈ సీజనుతో చాలు, తల ఇక ఓర్చుకోదన్నాడు డాక్టరు. ఇవాళ్టిదే ఆఖరి ఆట. ఈ ఒక్క పూటా తన కాళ్ల మీద తను నడిచి బయటికొస్తే చాలు లూపేకి.

పన్నెండేళ్లు, నూట నలభై రగ్బీ లీగ్ ఆటలు, బంతిని అవతలి గీత దాటించి నేలకానించిన ట్రైలు మాత్రం రెండే రెండు. బంతి పట్టుకుని ముగ్గురు మనుషుల గోడలోకి తలవంచి దూకడం, లేవడం, మళ్లీ దూకడం. అదే అతని ఉద్యోగం. బంతి అతని చేతికొచ్చినప్పుడల్లా లూపే కళ్లు మూసుకునేది. ఏమైందో పక్కనున్న చెల్లెలు సెలా చెప్పాలి.

స్టేడియంలో ఇవాళా అంతే.

"పట్టుకున్నాడు... పడ్డాడు."

"లేచాడా?"

"లేచాడులే. పన్నెండేళ్లుగా నీకు కుర్చీ దండగ, అక్కా!"

ఒకసారి సెలా పలకలేదు. లూపే పెదవులు తమ టోంగన్ భాషలో ప్రార్థన మొదలుపెట్టాయి.

"లేచాడు," అంది సెలా చివరికి.

ఆట ముగిసే హూటరు మోగుతుండగా సైయా జట్టు మూలన ట్రై చేసింది. ఇక బంతిని స్తంభాల మధ్యకు తన్నడమే మిగిలింది. ఎప్పుడూ తన్నే ఆటగాడు నడుచుకుంటూ వెళ్లి బంతిని సైయా చేతిలో పెట్టాడు. ఆట వదిలి వెళ్లిపోయేవాడికి చేసే మర్యాద అది.

"అక్కా, ఇప్పుడైనా కళ్లు తెరువు. తన్నేవాడి మీద ఎవరూ పడరు."

లూపే తెరిచింది. పచ్చిక మీద కొండలా ఒక్కడే ఉన్నాడు. వంగి, బంతిని గిన్నెలాంటి చిన్న ప్లాస్టిక్ స్టాండు మీద కాస్త వంకరగానే నిలబెట్టాడు. తన్నాడు. బంతి స్తంభాల దరిదాపులకైనా పోకుండా దొర్లి ఆగింది. అయినా ఇరవై వేల మందీ చప్పట్లు కొడుతూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"కోడిపిల్ల తన్నినా ఇంతకంటే దూరం పోయేది," సెలా ఏడుస్తూ నవ్వింది.

లూపే రెప్ప వేయలేదు. అవతలి జట్టువాళ్లు కూడా వచ్చి రెండు వరుసల్లో నిలబడ్డారు. వాళ్ల మధ్యలోంచి సైయా, ఎవరి భుజమూ పట్టుకోకుండా నడిచి, లోపలికి వెళ్లిపోయాడు.

తన్నడం అలవాటున్నవాడైతే స్టాండు తీసుకునే వెళ్లేవాడు. సైయాకి తట్టలేదు. జనం వెళ్లిపోయాక కూడా, గీత పక్కన గడ్డిలో ఆ నారింజరంగు చిన్న స్టాండు, అతను పెట్టిన వంకరతోనే, ఆకాశం వైపు తెరుచుకుని ఉంది.