ఆ ఖాతాకు సేఠ్ ఎవడు?

లాక్‌డౌన్ అని ఊరంతా తలుపులు వేసుకున్న రోజుల్లో, ఉధ్నాలో జయంతీ సేఠ్ ఖాతాకు బయటి నుంచి తాళం పడింది. సూరత్‌లో మరమగ్గాల షెడ్డును ఖాతా అంటారు. పోలీసులకు మూసిన షట్టర్ కనిపిస్తే చాలు, సేఠ్‌కు లోపల మగ్గాలు నడిస్తే చాలు. ఇద్దరి మాటా చెల్లింది. చావు లోపలివాళ్లకు మిగిలింది.

ఒకరోజు జమున తన నాయిన మొండయ్యకు అన్నం డబ్బా పట్టుకొని లింబాయత్‌లోని తెలుగోళ్ల బస్తీ నుంచి సందుల్లో నక్కుతూ వచ్చింది. ఆమె వచ్చేసరికి మగ్గాల చప్పుడు లేదు. లోపలి నుంచి షట్టర్‌ను గుద్దుతున్నారు.

"మొండన్నకు దమ్ము ఆడుతలేదు! తాళం తియ్యుండ్రి!"

ఆ గొంతు సదానందానిది. మొండయ్య పక్క మగ్గం అతనిది. షట్టర్ కింది సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. నాలుగు వేళ్లు మడిచి బొటనవేలు ఊపింది. మగ్గాల మోతలో మాట వినబడదు కాబట్టి ఖాతాల్లో చేతులతోనే మాట్లాడుకుంటారు. బొటనవేలు ఊపితే నీళ్లు కావాలని. పిడికిలి బిగించి కిందికి గుంజితే మగ్గం బంద్ అని. అది నాయిన చెయ్యే; ఇంట్లో కూడా అట్లాగే అడిగేవాడు. జమున నీళ్ల సీసా తోసింది, దూరలేదు. నీళ్లు ఆ వేళ్ల మీద పోసింది. అవి సిమెంటు మీద పారిపోయాయి.

ఆమె సేఠ్ ఇంటికి పరుగెత్తింది. అతను తీరిగ్గా వచ్చి తాళం తీసేసరికి మొండయ్య లేడు.

"నా ఖాతా బంద్ ఉంది. ఇక్కడ ఎవడూ పని చెయ్యలేదు" అన్నాడు సేఠ్, శవం ముందర నిలబడే.

గొళ్లానికి వేలాడుతున్న తాళాన్ని, అందులోని చెవితో సహా, జమున లాక్కొని చున్నీలో కట్టుకుంది. ఎందుకో అప్పటికి ఆమెకే తెలియదు.

జమున పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో డిగ్రీ చదువుతోంది. మగ్గాలోళ్ల పిల్ల సర్కారు కుర్చీలో కూసుంటదని మొండయ్య చాయ్ దుకాణంలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పేవాడు. ప్రభుత్వ శాఖలు ప్రజలకు జవాబు చెప్పాలని ఆమె పుస్తకంలో రాసి ఉంది. పిచ్చిది, నమ్మింది.

"అమ్మా, మజూర్ ఖాతాల ఫిర్యాదు ఇచ్చిన" అంది ఇంటికొచ్చి. గుజరాతీలో సర్కారు శాఖను కూడా ఖాతా అనే అంటారు; మజూర్ ఖాతా అంటే కార్మిక శాఖ. తల్లి లింగవ్వకు తెలిసిన ఖాతా ఒక్కటే.

"ఆ ఖాతాకు సేఠ్ ఎవడే?"

నాయిన పోయాక జమున నవ్వడం అదే మొదలు. "సేఠ్ ఉండడమ్మా. అది సర్కారుది, అందరిది."

"సేఠ్ లేని ఖాతా యాడుంటది బిడ్డా?"

లాక్‌డౌన్ ఎత్తేశారు. రెండోసారి జబ్బు ఊరి మీద పడి, మరికొందరిని పట్టుకుపోయింది. తిరగ్గా తిరగ్గా ఒకరోజు లేబర్ ఆఫీసర్ జమునను లోపలికి పిలిచాడు. అతని ఎదుటి కుర్చీలో జయంతీ సేఠ్ చాయ్ తాగుతున్నాడు.

"విచారణ అయిపోయింది. ఆ రోజు ఖాతా మూసే ఉంది" అన్నాడు ఆఫీసర్. "బయట తాళం ఉందని నువ్వే రాశావు కదా?"

సేఠ్ చాయ్ కప్పు చాటున నవ్వాడు. ఆ నవ్వు చూశాక జమున నరనరం మండింది. తల్లి మాటకు నవ్వినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. లింగవ్వ అడిగింది సరైన ప్రశ్నే. జవాబు ఆ కుర్చీలో కూర్చొని ఉంది.

ఆదివారం లింబాయత్ సందులో అందరూ కూడారు. మాస్కులు గదవల కిందికి జారి ఉన్నాయి.

"వాని ఖాతాకు అగ్గి పెడదాం!" అన్నాడు సదానందం.

"అగ్గి పెడితే మనం రేపు ఏడ పని చేస్తం? కేసులైతే ఎవడు పనిలకు పిలుస్తడు?" అన్నాడు కమలాకర్. అతనికి ఇద్దరు చిన్నపిల్లలు.

"పని పని అని మొండన్న పాయె! రేపు నువ్వు!"

ఇద్దరూ కొట్టుకునేదాకా వచ్చారు. లింగవ్వ లేచి, ఆ తాళం తెచ్చి వాళ్ల మధ్య నేల మీద పెట్టింది.

"తాళం ఉంటే లోపల మనుషులు లేనట్టే అన్నడట గదా ఆఫీసరు. గా మజూర్ ఖాతాకే వేద్దాం. లోపల ఉన్నోళ్లు ఉన్నరో లేరో చూద్దాం."

సందంతా గొల్లున నవ్వింది. అందరికంటే ముందు చెయ్యెత్తింది కమలాకరే.

సేఠ్ మళ్లీ లేబర్ ఆఫీసుకు వచ్చిన రోజు, ఖాతాలు వదిలి జనం ఆ వాకిలి నిండా నిలబడ్డారు. సదానందం తాళం కోసం చెయ్యి చాచాడు. "నేను వేస్త. నువ్వు పో బిడ్డా. నీ చదువు మట్టి అయితది."

"వద్దు చిన్నాయనా. నాయిన చెయ్యి నేను చూసిన. నా చేతితోనే వేస్త."

గొళ్లెం పడింది. తాళం పడింది. లోపల సేఠ్, ఆఫీసర్ ఇద్దరూ మొదట గద్దించారు, తర్వాత బెదిరించారు, ఎండ ముదిరేసరికి బతిమాలడం మొదలుపెట్టారు. సేఠ్ కిటికీ ఊచలు పట్టుకొని నీళ్లు అడిగాడు. లింగవ్వ సీసా మూత తీసి, అతని ఎదుట నిలబడి, గటగటా తానే తాగింది. జమునకు కడుపు చల్లబడింది. ఆ సంతోషానికి ఆమె సిగ్గుపడలేదు.

"మొండయ్య ఏడ చచ్చిండో చెప్పు. అందరికి వినబడేటట్టు చెప్పు" అంది లింగవ్వ.

సేఠ్ ఆఫీసర్ వైపు చూశాడు, జనం వైపు చూశాడు. "నా ఖాతాలోనే... తాళం నేనే వేశాను."

పైకి లేచిన ఫోన్లన్నీ ఆ మాటను పట్టుకున్నాయి.

అప్పుడు లాఠీలు వచ్చాయి. సదానందం తల పగిలింది. జమునను, లింగవ్వను జుట్టు పట్టి వ్యాన్ ఎక్కించారు. బయటపడ్డ ఆఫీసర్ వెంటపడి అరిచాడు: "నీకు ఈ జన్మలో సర్కారీ నౌకరీ రాదు!"

"నీ సేఠ్ కింద నౌకరీ నాకెందుకు?" అంది జమున. నాయిన చెప్పుకున్న ఆ కుర్చీ మాత్రం తలపుకొచ్చింది.

వ్యాన్ ఉధ్నా సందుల్లోంచి పోతోంది. మగ్గాల మోతలో ఎంత అరిచినా వినబడదు. జమున వ్యాన్ కిటికీ జాలీలోంచి చెయ్యి బయటపెట్టి, పిడికిలి బిగించి కిందికి గుంజింది. చాయ్ దుకాణం దగ్గర నిలబడ్డ మనిషి చూసి, గ్లాసు పడేసి తాను పనిచేసే ఖాతాలోకి పరుగెత్తాడు. ఆ ఖాతా ఆగింది. పక్కది ఆగింది. వరసంతా ఆగింది. ఎన్నడూ లేనిది, పట్టపగలు ఉధ్నాలో మనిషి గొంతు మనిషికి వినబడింది.

లింగవ్వ జాలీకి మొహం ఆనించి కేక వేసింది.

"మజూర్ ఖాతాకు సేఠ్ ఎవడు?"

"మేమే!" అంది సందు సందు.