ముళ్లు తీసిన చేప

హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మరుసటేడు రాముడికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. అలాంటివాళ్లను చేర్చుకునే చోట్లన్నీ ఒకటేననుకుంది అతని పెళ్లాం కూర్మమ్మ. పాపం, ఊళ్లన్నీ తిరిగితేగానీ బోధపడలేదు. వృద్ధాశ్రమం వాళ్లు, లేచి భోజనానికి రాగలిగేవాళ్లనే ఉంచుకుంటామన్నారు. ఇంకోచోట నర్సమ్మలు మంచివాళ్లే కానీ, అక్కడున్నది ఇక నయంకాని జబ్బులవాళ్లు. నొప్పి తెలియకుండా చూసుకుంటారంతే. "మీ ఆయన ఇక్కడ ఉండాల్సిన మనిషి కాదమ్మా" అని వాళ్లే విజయనగరంలో ఒక చోటు చెప్పారు. అక్కడ కసరత్తులు చేయించి, మనిషి తన పనులు తాను చేసుకోగలిగాక ఇంటికి పంపేస్తారట! ఆ మాట వినగానే కూర్మమ్మకు కాలు నేలమీద నిలవలేదు.

తీరా చేర్చాక రాముడు మొండికేశాడు. పుట్టి బుద్ధెరిగి చెంచా పట్టని మనిషి, ఇడ్లీ పక్కన చెంచా పెడితే పడతాడా? మొహం తిప్పేసుకున్నాడు. కసరత్తులు చేయించే మురళీమోహన్ ఉన్నమాట చెప్పేశాడు.

"ప్రయత్నమే చెయ్యకపోతే ఇక్కడుంచి లాభం లేదమ్మా. మంచాన పడ్డవాళ్లని ఎప్పటికీ ఉంచుకునే చోటుకి పంపాల్సొస్తాది. ఆయనకిష్టమైంది వండి తీసుకురా, సూద్దాం."

ఇంకేముంది, మర్నాడే కవళ్ల పులుసుతో దిగింది. ఒళ్లంతా సన్నముళ్లుండే చేప కదా, ఒక్కొక్కటీ ఏరి పారేసి, అన్నంలో కలిపి ముద్దలు చేసి పెట్టింది. జీవితమంతా సముద్రం మీద వేటకెళ్లిన మనిషికి ముళ్లు తీసిన చేప! రాముడు ఎడంచేత్తో కంచం నెట్టేశాడు.

"నానేటి, సంటిపిల్లోడ్నా?" అన్నాడు ముద్దముద్దగా. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కూర్మమ్మకు తనమీద తనకే ఒళ్లు మండింది. తను తిందామని గిన్నెలో ఉంచుకున్న చేప తీసి, ముళ్లతో సహా కంచంలో వేసింది.

"అయితే నువ్వే ఏరుకో మావా. నాను సెయ్యెట్టను."

మురళీమోహన్ పక్కనే కూర్చుని కనిపెట్టుకుని ఉన్నాడు. రాముడి కుడిచెయ్యి కదిలింది, వణుకుతూ కంచం అంచుదాకా వచ్చింది. వేళ్లలోంచి చేప జారిపోతుంటే కూర్మమ్మ ప్రాణం గిలగిల్లాడిపోయింది. సాయం చేద్దామని తన్నుకొస్తున్న చేతిని తొడకింద నొక్కిపెట్టుకుంది. జారింది, మళ్లీ జారింది. చివరికి బొటనవేలూ చూపుడువేలూ కలిశాయి. ఒక ముల్లు బయటికొచ్చింది!

కూర్మమ్మకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. తర్వాత ఇంకో ముల్లు, ఆ తర్వాత ముద్ద. సగం గడ్డం మీద పడినా సగం నోట్లోకే పోయింది. ఇక ఆగలేక, గడ్డం తుడుద్దామని కొంగు పట్టుకుని ముందుకు వంగింది.

"సెయ్యి తియ్యే. తింతన్నాను కదా" అని కసిరాడు రాముడు.

ఠక్కున తీసేసింది. ఇన్నేళ్ల కాపురంలో మొగుడు కసిరితే ఇంత సంతోషం ఆమెకు ఎన్నడూ కలగలేదు.