పచ్చికట్టె సాక్ష్యం

బాయిలర్ తలుపు తీయగానే మంట ఎగదన్ని సొలొమోను రెండు చేతులూ కాలాయి. బొబ్బలకు మందైనా పడకముందే, తాగి డ్యూటీకొచ్చినందుకు పనిలోంచి తీసేశామని మేనేజర్ గేటుకి కాగితం అంటించాడు. సొలొమోను బుద్ధెరిగాక చుక్క ముట్టినవాడు కాదు. అతనుండే పేట న్యూ సెటిల్‌మెంట్‌లో ఎవరినడిగినా చెబుతారు.

అది ఝపటాపూర్ అవతల ఉన్న అట్టపెట్టెల మిల్లు. బాయిలర్‌కి కట్టె అందించే ఇరవైమంది ఆడవాళ్లలో సరోజమ్మ పెద్దదిక్కు. బొగ్గు మాని, మూడేళ్లకే ఏపుగా పెరిగే సుబాబుల్ కట్టె దించినప్పటినుంచీ ఆమెకు అనుమానమే. ఎంత కట్టె వేసినా ఆవిరి అందదు. మాటిమాటికీ తలుపు తీసి ఎగదోయాల్సిందే.

మర్నాడు ఇంజనీరింగ్ కాలేజీ నుంచి రష్మిత అనే పిల్ల మిల్లులో కట్టెల గుట్ట దగ్గరికి వచ్చింది. ఈ కట్టె వేడిలో బొగ్గుకు తీసిపోదని రిపోర్టు రాసింది ఆమే. ఏ పుట్టలో ఏ పాముందో! సరోజమ్మ కూర్చోమని కూడా అనలేదు.

"ఏటమ్మా, కంపినీవోలు పంపినారా?"

"లేదాంటీ. చేతులు కాలాయని విని నేనే వచ్చాను. నా రిపోర్టు తప్పు కాదు. కానీ నాకిచ్చినవి బాగా ఎండిన ముక్కలు."

సరోజమ్మ ఒక దుంగ తీసి ఆమె చేతుల్లో పెట్టింది. పిల్ల బరువుకు వంగిపోయింది.

"ఇందులో సగం నీళ్లే ఉంటాయాంటీ. వేడంతా ఆ నీళ్లు ఆవిరి చెయ్యడానికే పోతుంది."

"పొయ్యి ఊదిన దాన్ని, నాకు తెల్దా? మొన్న కొట్టిన సెట్టు నేడు బాయిలర్లో ఏసేత్తన్నారు."

ఆడవాళ్లంతా మేనేజర్ దగ్గరికి పోయి, పచ్చికట్టె వల్లే చేతులు కాలాయని నిలదీశారు. అతను కసురుకోలేదు. "ఠీక్ హై దీదీ, వచ్చే నెల ఎంక్వైరీ పెడదాం. కట్టె ఎక్కడికి పోతుంది, అప్పుడే కాల్చి చూద్దాం" అన్నాడు.

ఆ ఆడవాళ్లలోనే ఉన్న సొలొమోను భార్య ఎలీసమ్మ కళ్లు తుడుచుకుంది. "అంతే సాలు, పదండి" అంది.

సరోజమ్మకు అడుగు పడలేదు. కసిరేవాడు మెత్తబడ్డాడంటే నమ్మేదెలా?

"నెలకి ఇది ఎండిపోతాదే, ఎర్రిదానా. అప్పుడు కాల్సి సూపిస్తే బెమ్మాండంగా మండుతాది. తాగుబోతు నీ మొగుడే అవుతాడు."

అంటూనే ఒక దుంగ నెత్తినెత్తుకుని గేటు దాటింది. మేనేజర్ పోలీసులకు ఫోన్ చేశాడు. జీపు దారిలోనే ఆమెను పట్టుకుంది.

ఠాణాలో ఆఫీసర్ దొంగతనం కేసు రాయబోయాడు.

"రాయండి బాబూ. దొంగసొత్తు బరువు కూడా రాయండి, తారీకు ఎయ్యండి. నెల పోయాక మల్లా తూకమేద్దాం. ఎంత తగ్గితే అంత నీరు."

వెనకే వచ్చిన మేనేజర్ ముఖం మాడిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టు, అరవలేడు, ఊరుకోలేడు. "ముసలామె, పోనివ్వండి దాదా, కేసొద్దు" అని ఆఫీసర్ని బతిమాలాడు.

"నానెల్లను" అని సరోజమ్మ నేలమీదే కూర్చుంది.

అంతలో వాకిట్లో అలికిడయింది. ఎలీసమ్మ, ఆమె వెనక తక్కిన పద్దెనిమిదిమందీ, తలా ఒక దుంగతో లోపలికి వస్తున్నారు. బాయిలర్‌కి కట్టె అందించే చెయ్యి మిల్లులో ఒక్కటీ మిగల్లేదు.

"మేవూ దొంగలమే బాబూ" అంది ఎలీసమ్మ. "మావీ తూకమెయ్యండి."

మేనేజర్ మళ్లీ ఏదో గొణిగాడు. ఎవరూ నెత్తిమీది బరువు దించలేదు. తక్కెడ తెమ్మని ఆఫీసర్ కానిస్టేబుల్‌ని పంపక తప్పలేదు.