బందెలదొడ్డి

శామీర్‌పేట చెరువు కింద నాటు పడే మళ్ళు ఏటికేడు తగ్గుతున్నాయి. హద్దురాళ్ళు పాతి ప్లాట్లు చేసినవి పోగా మిగిలిన వాటి కోసం కూలీల గుంపులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. బీహారు నుంచి మగవాళ్ళు వచ్చి నాట్లేసి పోతున్నారు. ఆడవాళ్ళ గుంపుల్లో ఇంకా పిలుపు ఉన్నది శివమ్మ గుంపుకే. అది శివమ్మ చేతి చలవ అని రైతులే అంటారు.

శివమ్మకు యాభై నిండాయి. పడుచుతనం నుంచీ ఆమెది నడిమి మునుము. నాటేసేటప్పుడు ఆడవాళ్ళు మడిలో వరసగా వంగి, ఒక్కొక్కరు చేతికి అందినంత వెడల్పు పట్టి, నాటుకుంటూ వెనక్కి నడుస్తారు. ఆ వెడల్పే మునుము. నడిమి మునుము పట్టినామె ఎంత వడిగా పోతే గుంపంతా అంత వడిగా పోవాలి. రైతుతో గుత్త మాట్లాడేది ఆమే. ఎవరిని ఆటోలో ఎక్కించుకోవాలో, ఎవరిని ఇంటికాడే వదిలెయ్యాలో చెప్పేది ఆమే. శివమ్మకు సెంటు భూమి లేదు. మొగుడు బక్కయ్య విల్లాల గేటు దగ్గర కాపలాకు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఊళ్ళో ఆమె ఎదురైతే నలుగురు పక్కకు జరుగుతున్నారంటే అది ఆ నడిమి మునుము వల్లనే. అది పోతే ఆమె కూడా బక్కయ్య పెళ్ళామే, అంతకు మించి ఏమీ కాదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

వెనకబడ్డవాళ్ళను శివమ్మ తిట్టేది కాదు. బందెలదొడ్డిలో పెట్టేది.

ఊరి బందెలదొడ్డి ఎప్పుడో పోయింది. చేలమీద పడ్డ గొడ్లను తోలి మూసే ఆ దొడ్డి ఉన్నచోట ఇప్పుడు నీళ్ళ ట్యాంకు ఉంది. పేరు మాత్రం మళ్ళలో మిగిలింది. మెల్లగా నాటే మనిషిని రెండు పక్కలవాళ్ళూ వడి పెంచి దాటిపోతారు. దాటి, చెరొక పక్కనుంచి లోపలికి జరిగి, ఆమె వీపు వెనక నాటు కలిపేస్తారు. ముందు నాటు, పక్కల నాటు, వెనక నాటు. నడుమ ఆమె. తల ఎత్తేసరికి దొడ్డి మూసుకుని ఉంటుంది. లోపలి జాగా అంతా ఒక్కతే నాటాలి. ఆపైన బయటికి వస్తూ, తొక్కిన ప్రతి అడుగు దగ్గరా మళ్ళీ వంగి నాటుకుంటూ రావాలి. అంతసేపూ మిగతావాళ్ళు ఒడ్డు మీద కూర్చుని చూస్తారు. ఒకసారి దొడ్డిలో పడ్డ ఆడది మరుసటి యాసంగి పంటకు గుంపులో కనిపించేది కాదు.

అమ్మాజీని అట్లా పెట్టి మూడేళ్ళయింది. ఆమెది శివమ్మ వాడకట్టే, వరసకు ఆడబిడ్డ. ముప్పై ఆరేళ్ళకు కడుపునొప్పని పోతే, పేరూ ఊరూ సరిగా లేని ఒక ప్రైవేటు దవాఖానాలో పెద్దాపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు. ఏడాది తిరగకముందే మోకాళ్ళు, మణికట్లు పట్టేశాయి. పనిలో వెనకబడింది. శివమ్మ పక్కవాళ్ళకు కనుసైగ చేసింది. దొడ్డి మూసుకుంది. బయటికి వచ్చేటప్పుడు అమ్మాజీ మోకాళ్ళు నిలవలేదు. బురదలో గొడ్డులాగా పాకింది. ఒడ్డు మీద కాళ్ళు కడుక్కుంటూ శివమ్మ అడిగింది.

"ఆపరేషన్ల నీకు గర్భసంచి తీసిండ్రా, ఎన్నుబొక్క తీసిండ్రా, అమ్మాజీ?"

ఒడ్డు ఒడ్డంతా పడిపడి నవ్వింది. ఆ మాట వాళ్ళకంటే ముందే ఊరు చేరింది. వెన్నెముక లేనిదన్నట్టు బడి పిల్లలు కూడా అమ్మాజీని ఎన్నుబొక్క అని పిలిచారు. ఆమె గుంపు మానేసి విల్లాల్లో గిన్నెలు తోమడానికి పోయింది.

ఇప్పుడు శివమ్మకు ముట్టు ఆగి ఏడాది దాటింది.

మొదట ఒంట్లో మంటలు. యాసంగి చలిలో దుప్పటి తన్నేసి లేచి కూర్చునేది. రవికె తడిసి వీపుకు అంటుకునేది. తర్వాత కీళ్ళు మొదలుపెట్టాయి. పొద్దున్నే వేళ్ళు ముడిస్తే తెరుచుకోవు, తెరిస్తే ముడుచుకోవు. చాయ్ గ్లాసు రెండు అరచేతుల నడుమ పెట్టి ఎత్తేది. కుడి భుజం వెనక్కి పోక కొప్పు వేసుకోవడం మానేసి జుట్టు ముందుకు తెచ్చి ముడేసుకునేది. గ్లాసు జారి పగిలిన రోజు బక్కయ్య మంచంలోంచి లేవకుండానే అన్నాడు.

"ముట్టు ఆగిన ఆడిది మొగోనితోని సమానమే. నెల నెల కూసునుడు తప్పింది. ఇగ నీకేం రోగమే, పనికి నడువ్."

శివమ్మ పనికి నడిచింది. మొగుడు లేవకముందే పొయ్యి వెనక కూర్చుని ఉప్పువేసిన వేడినీళ్ళలో చేతులు ముంచేది. పాత చీర చింపి మోకాళ్ళకు బిగించి, పైన చీర కుచ్చెళ్ళు దించేది. మేడ్చల్‌లో మందుల దుకాణం అతను ఇచ్చిన గోలీలు పరగడుపున మింగితే కడుపు మండేది, వేళ్ళు మాత్రం కొంచెం వదులయ్యేవి. మడి దగ్గరికి పోయాక నారు ముదిరిందనో, నీళ్ళు ఎక్కువ పెట్టారనో రైతుతో లేని పేచీ పెట్టుకునేది. ఆ పేచీ సాగినంతసేపూ చేతులు కొంగుకింద పిసుక్కునేది. కీళ్ళు వదులయ్యాక పేచీ ఆపి మడిలో దిగేది.

చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారు. రోజారాణి చూసింది. ఆ పిల్ల శివమ్మ అన్న బిడ్డ. తల్లి పోతే తెచ్చి, పక్కన నిలబెట్టి, నారు పిడికిట్లో ఎట్లా ఇమడాలో, బొటనవేలితో ఎంత లోతుకు దించాలో నేర్పింది శివమ్మే. ఇప్పుడు ముప్పై ఏళ్ళది. ఎడమపక్క మునుము ఆమెది. ఈ మధ్య మూడు నాలుగుసార్లు శివమ్మను దాటిపోయి, దాటినట్టు తెలియనట్టే ఆగి నిలబడింది.

సర్కారు దవాఖానాకు పోదామంటే అక్కడి వరసలో ఊరివాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. అట్లా నాలుగు నెలలు నెట్టుకొచ్చాక, ఒక సాయంత్రం అమ్మాజీ నీళ్ళ క్యాను చంకన పెట్టుకుని మెట్లెక్కడం చూసింది శివమ్మ. ఆ మోకాళ్ళు ఎట్లా బాగయ్యాయో తెలుసుకోవాలనిపించింది. పాలలోకి తోడు కావాలనే వంకతో గిన్నె పట్టుకుని ఆ ఇంటికి పోయింది.

గిన్నె అందుకునేటప్పుడు ఆ వేళ్ళు చూసింది అమ్మాజీ. నీళ్ళు కాచింది. శివమ్మ చేతులు రెండూ వేడినీళ్ళ గంజులోకి దించి, తానే ఒక్కొక్క వేలూ పట్టి మెల్లగా ముడిచి తెరిచింది. సర్కారు డాక్టరమ్మ తనకు చెప్పిందంతా చెప్పింది. ముట్టు తనంతట తాను ఆగినా, కత్తితో ఆపినా, కీళ్ళను మెత్తగా ఉంచే సత్తువ ఒంట్లో తగ్గుతుందట. కొందరికి ఏమీ కాదు, కొందరికి ఇట్లా పట్టేస్తుందట. అది బద్ధకం కాదట. పొద్దున్నే వేడినీళ్ళలో కీళ్ళు ఆడించాలి. రోజూ నడవాలి. పాలు, రాగులు తినాలి. ఎముకల గోలీలు వాళ్ళే ఇస్తారు. దుకాణం గోలీలు అట్లా మింగితే కడుపు పాడవుతుంది. చల్లటి నీళ్ళలో గంటలకొద్దీ నిలబడకూడదు.

"గప్పుడు నాకెవ్వలు జెప్పలే గిదంత," అంది అమ్మాజీ, నూనె రాస్తూ.

శివమ్మ తలూపింది. తప్పయిందని అనలేదు. అనాలని తోచలేదు కూడా. చేతులు హాయిగా ఉన్నాయి, అంతే. లేచేటప్పుడు మాత్రం ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని అడిగింది.

"ఎవ్వరికి జెప్త వదినె? నాతోని మాట్లాడెటోళ్ళు ఎవ్వరున్నరు," అంది అమ్మాజీ.

పది పన్నెండుసార్లు పోయింది శివమ్మ. వేళ్ళు కొంత వదులయ్యాయి. అంతలో చోటే మియా నుంచి పిలుపొచ్చింది. చెరువు కింద అందరికంటే పెద్ద కమతం ఆయనది. ఆయన మళ్ళు ఎవరు నాటితే మిగతా రైతులు వాళ్ళనే పిలుస్తారు. పొద్దు గూకేలోపు పెద్ద మడి పూర్తి కాకపోతే బీహారు వాళ్ళకు ఫోన్ చేస్తానని మియా ముందే అనేశాడు.

ఒక్క పొద్దంతా నడిమి మునుము పట్టే శక్తి తన చేతుల్లో లేదని శివమ్మకు తెలుసు. అమ్మాజీని అడిగింది. కుడిపక్క మునుము పట్టి, తన వైపు రెండు కుదుళ్ళు ఎక్కువ నాటుతూ పోతే చాలు. ఎవరికీ తెలియదు. మళ్ళీ గుంపులో చేర్చుకుంటాననీ అంది. అమ్మాజీ నూనెగిన్నెకు మూత పెట్టింది. తర్వాత, ఒక్క పొద్దు వస్తానంది.

ఆ పొద్దున మడి నీళ్ళు మంచులా ఉన్నాయి. శివమ్మ నడుమ దిగింది. ఎడమపక్క రోజారాణి, కుడిపక్క అమ్మాజీ. ఎన్నుబొక్క మళ్ళీ వచ్చిందని ఎవరో గొణిగితే శివమ్మే కసిరింది. అందరూ వంగారు.

అమ్మాజీ మాట తప్పలేదు. శివమ్మ మునుములోంచి రెండు కుదుళ్ళు, ఒక్కోసారి మూడు, అడక్కుండానే తీసుకుంది. శివమ్మ చేతికి పని సగమైంది. గుంపు వడి తగ్గలేదు. ఒడ్డు మీద చోటే మియా బీడీ ముట్టించి తృప్తిగా చూశాడు. ఇన్నాళ్ళూ ప్రతి క్షణం పక్కవాళ్ళ కాళ్ళు ఎక్కడున్నాయో ఓరకంట చూసుకునేది శివమ్మ. ఆ రోజు చూసుకోవడం మానేసింది. మధ్యాహ్నం సద్ది తిన్నాక ఇంకా నిమ్మళంగా దిగింది. ఈ యాసంగి గట్టెక్కానని అనుకుంది.

పొద్దు వాలుతుండగా మంట వచ్చింది. గుండె మీంచి లేచి మెడకు, చెవులకు ఎక్కింది. చెమట కళ్ళలో కారింది. దాని వెనకే వేళ్ళు బిగిశాయి. నారు విడదీయడానికి రాలేదు. కుడివైపు అమ్మాజీ నాటుతుందిలే అని ఆగి, కళ్ళు మూసుకుని చాలాసేపు ఊపిరి పీల్చుకుంది. అమ్మాజీ ఏదో చెబుతుంటే రోజారాణి నవ్వుతోంది. ఆ నవ్వు పక్కనుంచి కాకుండా వీపు వెనకనుంచి వినబడింది.

శివమ్మ నడుము ఎత్తి తిరిగింది. వెనక పచ్చగా ఉంది. రెండు మునుములు కలిసిపోయి, ఆపైన గుంపంతా దాన్ని దాటి ఒడ్డుదాకా నాటేసి, కాళ్ళు కడుక్కుంటున్నారు. మడి పూర్తయింది. ఆమె నిలబడ్డ జాగా ఒక్కటే నల్లగా మిగిలింది.

ఎవరూ అరవలేదు, ఈల వెయ్యలేదు. అది ఆమె పెట్టిన ఆచారమే కాబట్టి వరసగా ఒడ్డు మీద కూర్చున్నారు. ముందు నవ్వింది రోజారాణి. తర్వాత అందరూ.

శివమ్మ అమ్మాజీ వైపు చూసింది. ఒక్కసారి చెయ్యి ఊపితే అమ్మాజీ దిగి వస్తుందేమోనని చూసింది. అమ్మాజీ చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ, వేళ్ళు పట్టి నూనె రాసినప్పటి గొంతుతోనే అంది.

"నిమ్మళంగ రా వదినె. జల్దేం లేదు. ఎండకు బురద ఎచ్చగనే ఉన్నది, కీళ్ళకు మంచిది."

ఒడ్డంతా పగలబడి నవ్వింది. రోజారాణి అయితే పక్కదాని భుజం మీద వాలిపోయింది. వేడినీళ్ళ సంగతి, గోలీల సంగతి, చీరపేలికల సంగతి అందరికీ తెలుసని శివమ్మకు అప్పుడు తెలిసింది. ఎప్పటినుంచి తెలుసో అడగడానికి ఎవరూ లేరు.

చోటే మియాకు ఈ ఆటతో పని లేదు. ఆయన కళ్ళు నాటు మీదే ఉన్నాయి.

"శివమ్మా, నాటు తొక్కకు. తొక్కినకాడ మల్ల పెట్టుకుంట రా," అన్నాడు.

శివమ్మ వంగింది. నారుకట్ట మోచేతికింద ఇరికించుకుంది. వేళ్ళు విడదీయలేక, చేతికి వచ్చినన్ని నారుపోచలు లాగి, బొటనవేలు వంగక, అరచేతి మొదలుతో బురదలోకి నొక్కింది. ఒకటి. పక్కన ఇంకొకటి. మోకాలు పట్టుతప్పి ఒక చెయ్యి బురదలో ఆనింది. ఒడ్డు మీదనుంచి ఎవరో ఎన్నుబొక్క అన్నారు. ఆ పేరుకు అమ్మాజీ తిరిగి చూడలేదు.

లోతుకు దిగని నారు నిలవదు. నాలుగు అడుగులు జరిగి శివమ్మ వెనక్కి చూస్తే, ఆమె పెట్టిన కుదుళ్ళన్నీ వేర్లు పైకి తేలి నీళ్ళ మీద తిరుగుతున్నాయి. చోటే మియా కూడా చూశాడు. బీడీ పారేశాడు.

రోజారాణి లేచి, కొంగు దులుపుకుని ఆయన దగ్గరికి నడిచింది.

"పరేషాన్ గాకు మియా. నడిమిది పొద్దుగాల నేనొచ్చి సరిజేస్త. రేపటిసంది ఏదున్నా నాతోనే మాట్లాడు."

మియా తలూపి రేపటి మడి ఎక్కడో చెప్పాడు. ఆటో వచ్చింది. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఎక్కారు. రోజారాణి డ్రైవర్ పక్కన శివమ్మ కూర్చునే చోట కూర్చుని, పోనిమ్మంది. అమ్మాజీ అందరికంటే చివర ఎక్కింది, చెయ్యి ఊతం లేకుండా.

శివమ్మ తల ఎత్తలేదు. తేలిన నారును ఏరి, మళ్ళీ నొక్కుతోంది. నొక్కింది నొక్కినట్టే తేలుతోంది.