వెనక గల్లీకి పోయిన చెత్తకుండీ

నాంపల్లిలో ఎండాకాలమంతా మిద్దెల మీదే నిద్రపోయే రోజులవి. అరవై ఎనిమిదో సంవత్సరం వేసవిలో, మంచాలు ఎటుపక్క వెయ్యాలన్న దగ్గర అత్తాకోడళ్ళకు మాట పెరిగింది. ఏటా వేసేది వెనక కొసకే. గాలి తగిలేది అక్కడే.

"గాడ నేను పండుకోను. కంపు!" అంది జయమ్మ.

"ఎప్పుడూ గాడనే కద అత్తమ్మా."

"ఎప్పుడూ కుండి గాడ లేకుండె. జరిపిచ్చినదానివి నువ్వే పండుకో, మంచిగ వాసన చూస్కుంట!"

నళినికి ఉడుకుమోత్తనం వచ్చింది. గేటు పక్కనుండే మున్సిపాలిటీ చెత్తకుండీని, చలికాలంలో ఇంటింటికీ తిరిగి పెద్దమనుషులను కదిలించి, వెనక గల్లీకి మార్పించింది ఆమే. బి.ఏ. చదివిన కోడలంటే ఇట్లా ఉండాలని అబిడ్స్‌లో చీరల దుకాణం దగ్గర కూడా ఎవరో పొగిడారు. అది చెవికి తియ్యగానే ఉండింది.

పిట్టగోడ మీంచి కిందికి చూసింది. పొద్దుగూకితే చాలు, వెనక గల్లీలో నీళ్ళు చల్లుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా నులకమంచాలు వాల్చేవాళ్ళు. ముచ్చట్లు, విసనకర్రల చప్పుడు, ఎవరిదో రేడియో. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ సందడి వింటేనే ఆమెకు కునుకు పట్టేది. ఇవాళ ఒక్క మంచం లేదు. తలుపులన్నీ మూసి ఉన్నాయి.

ఉండబట్టలేక దిగి వెనక గల్లీకి వెళ్ళింది. మిషన్ బడి టీచరు జ్ఞానమణి తలుపు ఓరగా తీసింది.

"జల్ది లోపలికి రా నళినీ, ఈగలొస్తయి."

లోపల ఉక్క. పిల్లలు చెమటతో తడిసి ఉన్నారు.

"బయట పండుకుంటలేరా?"

"కుండి పక్కనా? మొన్న మా మాబెల్‌కు వాంతులైతే దవాఖానకు తీస్కపోయినం." జ్ఞానమణి చెంగుతో మొహం తుడుచుకుంది. "మీ గేటు కాడ మల్లెచెట్టు పెట్టిన్రంట గద, పూస్తుందా?"

"అందర్నీ అడిగిన అనుకున్న," అంది నళిని.

"మమ్ముల ఎవ్వరడగలే."

నిజమే. ఇంటింటికీ తిరిగిన రోజున ఈ ఇళ్ళు ఆమెకు గుర్తే రాలేదు. వాకిలి ఊడ్చి చెత్తను పక్కింటి గడప ముందుకు నెట్టేవాళ్ళను ఎన్నిసార్లు తిట్టుకుందో!

మర్నాడు భర్త వామన్‌రావు ఆఫీసుకు పోయే ముందు అందరూ అన్నాలకు కూర్చున్నారు.

"మున్సిపాలిటీకి పోతున్న," అంది నళిని, పప్పుచారు వడ్డిస్తూ. "కుండి మళ్ళ మన గేటు కాడికే."

"పిచ్చా ఏంది? గల్లీల ఏమంటరు?" అన్నాడు వామన్‌రావు.

"ఏమన్న అననీ. మూత పెట్టమని, రోజూ ఎత్తమని రెండు గల్లీలం కల్సి అడుగుతం. జ్ఞానమణి కూడ వస్తనన్నది."

"వాసన మనకొస్తది గదనే!" అంది జయమ్మ.

"వస్తది అత్తమ్మా. మన చెత్త గూడ ఉంది గద అండ్ల," అని నళిని ఆమె కంచంలో ఇంకో గరిటె చారు పోసింది.