వరదలో కోసిన గులాబి కొమ్మలు

సింధూరి కొన్న గులాబీలు నెల తిరక్కుండానే ఎండిపోయేవి. తోపుడుబండి మీద విరగబూసి ఉన్నవాటిని మోజుపడి కొనేది. ఆ పూలు రాలాక మళ్లీ మొగ్గ తొడిగిన పాపాన పోలేదు. ఆ ఏప్రిల్లో కూడా మూడు కొంది. విజయవాడ సింగ్‌నగర్‌లో ఆమె అద్దెకుంటున్న మేడ మీద, నాలుగు రోజుల ఎండకే అవి తలలు వేలేశాయి. కింది వాటాలో ఉండే ఇంటావిడ బాలత్రిపురసుందరి మెట్లెక్కి వచ్చి చూసింది.

"నీళ్లు చాలక కాదమ్మాయ్. ఈ బంకమట్టి ముద్దని అట్టాగే కుండీలో పెట్టేశావు. పోసిన నీళ్లన్నీ పక్కల్నించి జారిపోతన్నాయి. లోపల వేరుకి తడే లేదు."

ఆ ముద్దల్ని బకెట్లో నానబెట్టి, చంటిపిల్ల చిక్కు తీసినట్టు మట్టిని మెల్లగా విడదీసింది. తర్వాత కత్తెర తీసుకుని, ఉన్న పూలన్నీ కోసేసింది. సింధూరికి ప్రాణం ఉసూరుమంది. మూడు వారాలు తిరిగేసరికి మూడు మొక్కలకీ ఎర్రటి చిగుళ్లు వచ్చాయి.

అప్పటినుంచి ఆస్పత్రి ల్యాబులో డ్యూటీ దిగి రాగానే సింధూరి కింది వాటా వరండాలో తేలేది. సుందరిగారు జాకెట్లు కుడుతుంది. భర్త సత్యం వన్‌టౌన్‌లో చీరల కొట్లో గుమాస్తా. ఆవిడ మంగళగిరిలో నూలుకు రంగులు వేసే ఇంట్లో పుట్టింది కాబట్టి, గులాబీలకి కూడా నూలు రంగుల పేర్లే పెట్టుకుంది: నేరేడుది, ఇటుకరాయిది, లేతపసుపుది. ఇరవై రెండు కుండీలు. ఒక్కటీ కొన్నది కాదు. పన్నెండేళ్లుగా వాళ్లనీ వీళ్లనీ అడిగి తెచ్చిన కొమ్మలతో పెంచినవే.

చలికాలమంతా అవి డాబా మీదుంటాయి. ఎండలు ముదరగానే కిందికి దించి వరండా పిట్టగోడ మీద నీడపట్టున పెడుతుంది. వానలు పడితే రోజూ పొద్దున్నే నల్లమచ్చలు పడిన ఆకులు ఏరేస్తుంది. వానలు వెనకబట్టాక మళ్లీ పైకి.

ఆ ఏడు పైకెక్కించే లోపే, సెప్టెంబరు ఒకటో తారీఖున బుడమేరు పొంగింది. ఆదివారం పొద్దున్న గుమ్మం దాటిన నీళ్లు మధ్యాహ్నానికి గుండెలోతయ్యాయి. బియ్యం, కాగితాలు, గ్యాస్ బండ పైకి చేర్చేసరికే వాళ్లకి ఊపిరి అందలేదు. కుట్టుమిషను మునిగిపోయింది. సత్యం, సుందరిగారు సింధూరి గదిలోనే సర్దుకున్నారు.

రెండో రోజు పొద్దున సుందరిగారు మెట్ల మీద నిలబడి చూసింది. మెట్ల పక్కనే ఉన్న పిట్టగోడ మీది కుండీలు నీళ్లలో ఉన్నాయి. కొమ్మల చివర్లు మాత్రం జానెడు పైకి కనిపిస్తున్నాయి. ఆవిడ చీర దోపి, కత్తెర పట్టుకుని మెట్లు దిగబోయింది.

"ఇల్లే మునిగితే మొక్కలేంటే? పాములొస్తన్నాయంటన్నారు," అన్నాడు సత్యం.

"ఇంకో రెండు రోజులకి వేరు కుళ్లి, కొమ్మ కూడా చస్తుందండి. ఇవాళైతే కొమ్మల్లో ప్రాణముంది."

సత్యం కూడా ఆవిడ వెనకే దిగాడు. మెట్ల కమ్మీని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో భార్య జబ్బ పట్టుకున్నాడు. ఆవిడ నడుంలోతు నీళ్లలో వంగి, ఒక్కో కొమ్మా కోసి వెనక్కి అందించింది. సింధూరి వాటిని రంగుల వారీగా దారంతో కట్టింది. ముప్ఫయ్యెనిమిది వచ్చాయి.

పడవల వాళ్లిచ్చిన మంచినీళ్ల సీసాలు తాగి పడేసినవి అప్పటికే గదిలో పోగయ్యాయి. వాటిని నడిమికి కోసి, అడుగున చిల్లులు పెట్టి, డాబా మరమ్మతుకి తెచ్చి మిగిల్చిన ఇసుక నింపారు. కొమ్మ కింది కొసని ఏటవాలుగా కోసి గుచ్చి, సీసా పైసగం మూతలా బోర్లించారు. తాగడానికే నీళ్లు కరువు. పట్టిన వాన నీళ్లే చెంచాలతో పోశారు.

వరద తీసింది. కింద బురద కడగడానికే వారం పట్టింది. కింది వాటా తనదే అయ్యుంటే సీసాల సంగతే మర్చిపోయేదాన్నని సింధూరి అనుకుంది. సుందరిగారు మాత్రం బురద చేతులు కడుక్కుని రోజుకి రెండుసార్లు పైకెక్కేది. కొన్ని కొమ్మలు నల్లబడ్డాయి. పద్నాలుగు చిగురించాయి. సింధూరి సంబరపడి ఒకదాన్ని పైకి లాగి చూడబోతే, ఆవిడ చెయ్యి పట్టి ఆపింది.

"చిగురు చూసి నమ్మకు. కొమ్మలో ఉన్న సత్తువతో కూడా చిగురేస్తుంది. వేరు పట్టిందో లేదో ఇంకో నెలకి గానీ తెలీదు."

ఆవిడ అన్నట్టే ఐదు వాడిపోయాయి. తొమ్మిది నిలిచాయి. నవంబరులో వాటిని చిన్న కుండీల్లోకి మార్చారు. డిసెంబరు మంచులో లేతపసుపు మొక్క గోరంత మొగ్గ తొడిగింది. వరద తర్వాత ఆ ఇంట్లో తొలి మొగ్గ. సింధూరి ఫోన్ తెచ్చి ఫొటో తీసేలోగా సుందరిగారు దాన్ని గిల్లేసింది.

"అయ్యో ఆంటీ, అదొక్కటన్నా ఉంచొచ్చు కదా."

"దానికి ఒళ్లింకా రాలేదమ్మా. బాలింతకి బిందె మోయించినట్టుంటుంది. ఇంకో రెండు కొమ్మలు సాగనీ."

అలా ఆవిడ మరో మూడుసార్లు మొగ్గ గిల్లింది. గిల్లిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆ మొగ్గని అరచేతిలో ఉంచుకుని చూడటం సింధూరి గమనించింది. ఆవిడకీ ఆశ ఉంది. మొక్క కోసం దాన్ని ఆపుకుంటోంది, అంతే. తనకి పువ్వు మీదే ఇష్టం, ఈవిడకి మొక్క మీద అని సింధూరికి ఆ చలికాలంలో తెలిసొచ్చింది.

ఫిబ్రవరిలో మొగ్గల్ని గిల్లకుండా విడిచిపెట్టింది. తొమ్మిదీ వరసగా పూశాయి. వీధిలో అందరి పెరళ్లూ ఇంకా బోసిగానే ఉండటంతో, వచ్చేపోయేవాళ్లు గేటు దగ్గర ఆగి చూసేవారు. ఓ ఆదివారం సుందరిగారు భర్తని పిలిచి, నేరేడు రంగు కుండీని ఎదురింటి ఇశ్రాయేలు ఇంట్లో ఇచ్చి రమ్మంది. సాయంత్రానికి ఏడు కుండీలు ఏడు ఇళ్లకి చేరాయి, ఎనిమిదోది గేటు దాటింది.

సింధూరి ఉండబట్టలేక అడిగింది. "ఇంత కష్టపడి ఒక్కటే ఉంచుకున్నారేంటి ఆంటీ?"

"అన్నీ ఒక్కచోట పెట్టబట్టే కదా అన్నీ ఒక్కసారే మునిగినయ్. ఇప్పుడు ఎవరింట్లో పోయినా ఇంకోరింటికెళ్లి కొమ్మ అడుక్కోవచ్చు."

సుందరిగారు బాగుచేయించిన మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంది. వీధి చివర సత్యం ఎనిమిదో కుండీని స్కూటరు మీద కాళ్ల మధ్య పెట్టుకుని, కొమ్మలు ఊగకుండా మెల్లగా పోనిస్తున్నాడు.