ఆరు దెబ్బల లోపు

నేను ఒక కాగితాన్ని అంటే మీరు చిన్నచూపు చూస్తారని తెలుసు. అందుకే ముందే చెప్పేస్తున్నాను, నా మీద ఒక ప్రాణి ఏడాదిన్నర బతికింది. మీ ఇళ్లలో బీరువా నిండా దాచుకునే కాగితాల్లో ఎన్ని ఆ మాట చెప్పుకోగలవు?

నేను పుట్టింది విశాఖపట్నంలో, అక్కయ్యపాలెంలోని ఒక జిరాక్సు షాపులో. నాకు ముందు ఎవరిదో ఆధార్ కార్డు నకలు, నా వెనక ఎవరిదో అద్దె ఒప్పందం. వాటి మధ్యలోంచి వెచ్చగా బయటికి వచ్చాను. నిండా గళ్లు, గళ్లలో ఖాళీలు. షాపువాడు నన్ను తిప్పి చూసి, ఏ ఉద్యోగానికి దరఖాస్తు అని అడిగాడు. నన్ను చేయించుకున్న అమ్మాయి జవాబు చెప్పడానికి నోరు తెరిచి, మళ్లీ మూసేసి, నవ్వి ఊరుకుంది. జవాబు తెలియక కాదని నాకు తర్వాత అర్థమైంది.

ఆ అమ్మాయి పేరు దమయంతి. వయసు ఇరవై తొమ్మిది. మట్టి పరీక్షలు చేసే ల్యాబులో పని. ఆమెకు నత్తి. ముఖ్యంగా తన పేరే తన నోట రాదు. ఎవరైనా పేరు అడిగితే మొదటి అక్షరం దగ్గరే గొంతు తలుపు వేసుకుంటుంది. మట్టి ఎవరినీ పేరు అడగదు గనుక ఆ ఉద్యోగంలో కుదురుకుంది. ఆమెను ఈ ఆటకు తీసుకొచ్చింది అదే ల్యాబులో పక్క బల్ల దగ్గర పనిచేసే నస్రీన్.

ఆట సంగతి చెప్పాలి. టైలరు షాపు పైన ఒక గది ఉంది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నలుగురు అక్కడ చేరతారు. లెక్కల మాస్టారు విల్సన్ బాబు కథ చెబుతాడు. మిగతా ముగ్గురూ ఆ కథలో తలా ఒక మనిషిగా బతుకుతారు. "వంతెన తెగింది, వెనక తోడేళ్లు వస్తున్నాయి, ఏం చేస్తారు?" అంటాడు మాస్టారు. ఏం చేస్తారో వీళ్లు చెప్పాలి. అది కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది, పెద్ద అంకె పడితే కుదిరినట్టు. ఆ మనిషి బలమూ, గాయాలూ, విద్యలూ అన్నీ నాలాంటి కాగితం మీద పెన్సిలుతో ఉంటాయి. ఏసీలు బాగుచేసే చంద్రమౌళి ఇంట్లో గ్యాస్ బండ మార్చమంటే నడుము పట్టేసిందంటాడు. ఇక్కడ మాత్రం గంగులు అనే వీరుడై రెండు చేతులా పట్టే గొడ్డలితో రాక్షసులను నరికేస్తాడు. ఇంత వయసొచ్చిన ఉద్యోగస్తులు వారమంతా దీనికోసం ఎదురుచూడటం నాకు మొదట్లో నవ్వు తెప్పించేది.

విల్సన్ బాబు పెట్టిన నియమం ఒకటుంది. ఆ గదిలో తప్ప ఇంకెక్కడా ఉండదనుకుంటాను. ఎవరి పాత్ర మంత్రం వేస్తే వాళ్లే ఆ మంత్రాన్ని తెలుగులో సొంతంగా కట్టుకుని, పైకి చదవాలి. ఆయన స్టీలు గ్లాసు మీద పెన్నుతో ఆరు దెబ్బలు కొట్టేలోపు అయిపోవాలి. లేకపోతే మంత్రం వేయనట్టే లెక్క. వెనకటికి అందరూ ఫోన్లలో వెతుక్కుంటూ అరగంటలు తినేసేవారట, అందుకని పెట్టాడు. మంచి నియమమే, నోరు తిరిగేవాళ్లకు.

దమయంతి నన్ను నింపడానికి మూడు వారాలు పట్టింది. డ్రూయిడ్‌ను ఎంచుకుంది. అంటే అడవి పూజారి అనుకోండి, తీగలను పిలిచి కాళ్లకు చుట్టగలదు, గాయాలు మాన్పగలదు, జంతువుగా మారగలదు.

"ఏటి చెల్లెమ్మా, కత్తో గొడ్డలో పట్టుకునేదాన్ని చేసుకోక ఈ ఆకులూ అలములూ ఏటి?" అన్నాడు మౌళి.

ఆమె నవ్వి పని చేసుకుంటూ పోయింది. డ్రూయిడ్‌కు మంత్రబలమంతా వివేకంలోంచి వస్తుంది గనుక పెద్ద అంకె అక్కడ వేసింది. దెబ్బ తగిలినా వేసిన మంత్రం మీద ధ్యాస చెదరకుండా ఉండటానికి దేహదారుఢ్యం రెండోది. జంతువుగా మారితే ఆ జంతువు కండలే వస్తాయి గనుక సొంత బలానికి పెద్దగా పెట్టలేదు. ఇనుప కవచం డ్రూయిడ్లకు నిషిద్ధం, తోలు కవచం, చెక్క డాలు రాసుకుంది. మాటకారితనం ఉండే గడిలో మాత్రం ఆలోచించకుండా ఎనిమిది వేసింది. అన్నిటికన్నా చిన్న అంకె. ఒక రకం డ్రూయిడ్లు త్వరగా, తరచుగా మృగరూపం ఎత్తగలరు. ఆమె ఆ శాఖే తీసుకుని ఎలుగుబంటి అని రాసి కింద గీత గీసింది.

విల్సన్ బాబు నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూసి, "చాలా పకడ్బందీగా కట్టావమ్మా. దీన్ని చంపడం నావల్ల కాదు" అన్నాడు. నేను పొంగిపోయాను. మనుషుల పొగడ్తకు కాగితాలు కూడా లొంగుతాయి.

ఎవరూ గమనించనిది ఒకటుంది. ఎలుగుబంటి రూపంలో ఉన్నంతసేపూ డ్రూయిడ్ మంత్రం వేయకూడదు, మాట్లాడకూడదు. ఆమె నన్నంతా ఆ ఒక్క సౌకర్యం చుట్టూ కట్టుకుంది.

ఏడాదిన్నర ఆమె ఎలుగుబంటిగానే ఉంది. గుర్రుమనడానికి నత్తి అడ్డు రాదు. మొదటిసారి ఆమె బల్ల మీదికి వంగి గుర్రుమంటే నస్రీన్ చేతిలో టీ ఒలికింది, దమయంతి కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. ఆమె మంత్రాలు వాడకపోవడాన్ని మిగతావాళ్లు యుక్తి అనుకున్నారు. "కష్టకాలానికి దాస్తంది, గట్టిది" అనేవాడు మౌళి. నా అంచున వైద్య మంత్రానికి నాలుగు ఖాళీ గళ్లు ఉండేవి, వాడినప్పుడల్లా ఒకటి కొట్టేయాలి. ఒక్కటి కూడా ఎప్పుడూ కొట్టేయలేదు.

కానీ ఆమె మంత్రం కట్టుకుంది. తనను ఆపేసే అక్షరాలన్నీ మాటల మొదట్లోంచి తీసేసి, మెత్తటివి ఏరుకుని నా అడుగున చిన్నగా రాసింది. "వేరు వెంట నీరు రా, నీరు వెంట ఊపిరి రా." బస్సు స్టాపులో ఎవరూ లేనప్పుడు నన్ను సంచిలోంచి తీసి చదువుకునేది. ఒంటరిగా ఉంటే ఎక్కడా ఆగేది కాదు, నీళ్లలా వచ్చేసేది. ఒక్కసారి, మనుషుల ముందు, ఆ గ్లాసు మీద దెబ్బలు పడుతుండగా ఆ ఒక్క వాక్యం పూర్తిచేయాలని ఆమె కోరిక. ఆమెకు ఆ ఆటలో ఇంకేమీ అక్కర్లేదు. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఆదివారం వాళ్లు కథలో ఒక గనిలో ఉన్నారు. పైకప్పు కూలి గంగులు బండ కింద పడ్డాడు. మౌళి పాచిక వేశాడు, మూడు పడింది. మళ్లీ వేశాడు, రెండు. విల్సన్ బాబు ముఖం మారింది. "రక్తం పోతోంది మౌళీ. ఇప్పుడు ఎవరైనా వైద్యం చేస్తేనే." గంగులుతో మౌళి రెండేళ్లు గడిపాడు. వైద్య మంత్రం ఒక్క దమయంతి దగ్గరే ఉంది.

ఆమె అప్పుడే బండను పక్కకు దొర్లించిన ఎలుగుబంటిగా ఉంది. నా మీద వేలు పెట్టి, ఎలుగుబంటి అనే మాట దగ్గర నుంచి కిందికి, మంత్రం దగ్గరికి జరిపింది. మనిషి రూపానికి వచ్చి మంత్రం వేయబోతోందని గదిలో అందరికీ అర్థమైంది. విల్సన్ బాబు పెన్ను తీశాడు.

మొదటి దెబ్బ. ఆమె బొటనవేలు నా అంచును నొక్కింది. రెండో దెబ్బ, మూడో దెబ్బ. మెత్తటిదని ఏరుకున్న ఆ 'వ' కూడా పెదవి దగ్గర బిగుసుకుపోయింది. నాలుగో దెబ్బకు "వేరు" అంది. మరుక్షణం "వెంట" అంది. అప్పుడు ఆ బొటనవేలు సడలింది. బస్సు స్టాపులో ఎలా ఉండేదో అలా అయింది. దారి తెరుచుకుందని నాకు తెలిసిపోయింది. తక్కినదంతా ఒక్క ఊపులో రాబోతోంది.

ఐదో దెబ్బ పడగానే మౌళి తట్టుకోలేకపోయాడు. ఎప్పుడో నా మీద చదివి గుర్తుపెట్టుకున్నాడు కాబోలు, "వేరు వెంట నీరు రా, నీరు వెంట ఊపిరి రా, అంతే కదా చెల్లెమ్మా" అని తానే గబగబా చదివేశాడు. ఆరో దెబ్బ పడింది.



"మొన్న నా మంత్రం మౌళన్న అందిస్తే చెల్లదన్నారు కదా సార్" అంది నస్రీన్. అనేశాక నాలుక కరుచుకుంది. కానీ మాట బయటపడింది, అది న్యాయమైన మాటే. విల్సన్ బాబు లెక్కల మనిషి, ఒకరికో లెక్క ఇంకొకరికో లెక్క చేయలేడు. తల దించుకుని, గంగులు పోయాడన్నాడు.

"పర్లేదమ్మా, ఆటే కదా" అన్నాడు మౌళి. తాను చేసిందేమిటో అతనికి తెలియదు. చెల్లెలికి సాయం చేశాననే అనుకుంటున్నాడు. నాకు అతని మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ కోపం నిలబడలేదు కూడా, ఎందుకంటే అతని కాగితం నా పక్కనే ఉంది, దాని మీద ప్రాణం గడిలో సున్నా వేశాక కూడా అతను గంగులు పేరు మీద నుంచి వేలు తీయలేదు.

చనిపోయిన పాత్రలకు విల్సన్ బాబు ఒక బాక్సు ఫైలు పెట్టాడు. గంగులు అందులోకి వెళ్లాడు.

తర్వాతి ఆదివారం విల్సన్ బాబు గొంతు సవరించుకున్నాడు. "మేం ముగ్గురం అనుకున్నామమ్మా. ఇకనుంచి నువ్వు మంత్రం పైకి చదవక్కర్లేదు. వేస్తున్నానని చెయ్యెత్తితే చాలు."

మనుషులు దయ చూపేటప్పుడు ఎదుటివాళ్ల ముఖం చూడరు, తమ దయను చూసుకుంటారు. నస్రీన్ కూడా తల ఊపింది. దమయంతి ముఖంలో రంగు పోయింది. ఆమె నన్ను రెండు చేతులతో పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"అన్నయ్యా, ఇం... ఇంకొ... ఇంకొక్క..."

"ఇంకొక్క ఛాన్సు ఇవ్వమంటంది సార్" అన్నాడు మౌళి సంతోషంగా. "ఎందుకివ్వం చెల్లెమ్మా? ఎన్ని కావాలంటే అన్ని."

ఆమె అతని వైపు చూసింది. కాదని చెప్పాలంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. తల ఊపి, అవునంది. అవును అనడం ఆమెకు ఎప్పుడూ సులువే.

ఆట అయ్యాక అందరూ కప్పులు సర్దుతుంటే, నన్ను బోర్లా వేసి నా వీపు మీద ఒక వాక్యం రాసింది. పెన్నుతో రాసింది. అప్పటిదాకా నా మీద పెన్సిలు తప్ప పడలేదు. తర్వాత నన్ను మామూలుగా తిప్పి, తీసుకెళ్లి ఆ బాక్సు ఫైలులో గంగులు మీద పెట్టి మూత వేసింది. ఆ తర్వాత ఆదివారం రాలేదు. మరో ఆదివారం కూడా రాలేదు. పని ఎక్కువగా ఉందట అని నస్రీన్ చెబుతుంటే విన్నాను.

అప్పుడప్పుడు ఫైలు తెరుస్తారు. కొత్తగా చేరినవాళ్లకు నన్ను చూపిస్తారు. "చూడండి, డ్రూయిడ్‌ను కట్టడమంటే ఇదీ" అంటాడు విల్సన్ బాబు. ఒంటిమీద ఒక్క గాయం లేదు, నాలుగు మంత్రాలూ అలాగే ఉన్నాయి, మరి చచ్చినవాళ్లలో ఎందుకుందని ఆ పిల్లలు అడుగుతారు. పొరపాటున పెట్టేసిందంటాడు మౌళి. మంచిపిల్ల, మాట ఒక్కటే రాదు పాపం అంటాడు. నన్ను ముందువైపు మాత్రమే చదివి మళ్లీ లోపల పెట్టేస్తారు.

నా వీపు మీద ఉన్నది ఇదీ. "అన్నయ్యా, ఇంకొక్క దెబ్బ ఆగి ఉంటే నేనే చదివేదాన్ని."